జాబితాలో కనిపించని కుటుంబాలు
డేటాబేస్ నేర్చుకోవడం మొదలుపెట్టినవారి కోసం

మన ఇళ్ళలో పేర్ల చిక్కు కొత్తదేమీ కాదు. పదవ తరగతి సర్టిఫికెట్‌లో ‘ఎస్.కె. మస్తాన్’ అని ఉంటుంది. రేషన్ కార్డులో ‘షేక్ మస్తాన్’ అనీ, బ్యాంకు పాస్‌బుక్‌లో ‘షేక్ మస్తాన్ వలి’ అనీ ఉంటుంది. మనిషి ఒక్కడే. వీధిలో ఎవరికీ ఆ విషయంలో సందేహం లేదు. కంప్యూటర్‌కు మాత్రం వారు ముగ్గురు. అదే వీధిలో నిజంగానే ఇద్దరు షేక్ మస్తాన్‌లు కాపురముంటే, కేవలం పేరును నమ్ముకున్న జాబితా ఆ ఇద్దరినీ ఒక్కరిగా కలిపేస్తుంది.

డిగ్రీ పూర్తిచేసి ఇంట్లోనే కంప్యూటర్ నేర్చుకుంటున్న అమ్మాయికో అబ్బాయికో మహల్లా పెద్దలు అప్పగించే మొదటి పని తరచుగా ఇలాంటిదే. “రమజాన్‌లో రేషన్ సామాను ఎవరెవరికి అందిందో లెక్క తయారుచేయమ్మా” అంటారు. వంద పేర్ల వరకు నోటుపుస్తకం చాలు, ఎక్సెల్ షీటు కూడా చాలు. కానీ ఒకే కుటుంబానికి సంబంధించిన సమాచారం నాలుగు చోట్ల నాలుగు విధాలుగా రాయవలసి వచ్చినప్పుడు రిలేషనల్ డేటాబేస్ అవసరం తెలిసివస్తుంది.

ఈ పద్ధతికి పునాది వేసినవాడు ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రవేత్త. సమాచారాన్ని పట్టికలుగా అమర్చాలనీ, అది యంత్రం లోపల ఎక్కడ, ఎలా దాగి ఉందో వాడుకునేవారు తెలుసుకోవలసిన అవసరం ఉండరాదనీ 1970లో ఆయన ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. 1974లో ఆ సంస్థకే చెందిన చాంబర్లిన్, బాయిస్ రూపొందించిన ప్రశ్నల భాషే తరువాత ఎస్‌క్యూఎల్ అయింది. నేడు ఎక్కువమంది మొదట నేర్చుకునేది ఉచితంగా లభించే మైఎస్‌క్యూఎల్. అందులోని ‘మై’కి ‘నాది’ అని అర్థం చెప్పుకుంటారు గానీ, అది దాని రూపకర్తలలో ఒకరైన విడేనియస్ కుమార్తె పేరు.

మొదటి రోజే ఎదురయ్యేది తలుపు దగ్గరి తగాదా. డేటాబేస్ అంటే ఒక్క ప్రోగ్రామ్ కాదు. సమాచారాన్ని కాపాడే సర్వర్ ఒకటి, మనం ప్రశ్నలు టైపు చేసే క్లయింట్ మరొకటి. ఈ తేడా తెలియకనే చాలామంది మళ్ళీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు. 2002 లేక 2003 నంబరు గల తప్పు వస్తే సర్వర్ నడవడం లేదనో, దాని దాకా చేరలేకపోయామనో అర్థం. 1045 వస్తే సర్వర్ చక్కగానే నడుస్తోంది, మనల్ని లోపలికి రానివ్వడం లేదంతే. ఆ సందేశం చివర పాస్‌వర్డ్ వాడారా అన్నచోట ‘నో’ అని ఉంటే, మన పాస్‌వర్డ్ అసలు సర్వర్‌కు చేరనేలేదు. ‘యెస్’ అని ఉంటే చేరింది గానీ కుదరలేదు. ఈ ఒక్క మాట చదివితే ఒక పూట ఆదా అవుతుంది. 1064 వ్యాకరణ దోషం. సందేశంలో ఎక్కడి నుండి వాక్యాన్ని ఎత్తి చూపిందో, దోషం సాధారణంగా దానికి కాస్త ముందు ఉంటుంది. ఒక కామా, లేక మూయడం మరచిన కొటేషన్ గుర్తు.

ఇవన్నీ మంచి తప్పులు. గట్టిగా అరిచి పనిని ఆపేస్తాయి. అసలు భయపడవలసినది ఏమీ అనకుండా ముందుకు సాగనిచ్చే తప్పులకు.

తెలుగులో పేర్లు ఎక్కించి, తిరిగి చూస్తే వరుసగా ప్రశ్నార్థకాలు కనిపించడం అలాంటిదే. పట్టికకో, క్లయింట్‌కూ సర్వర్‌కూ నడుమ ఉన్న సంబంధానికో తెలుగు లిపిని మోయలేని పాత అక్షర సముదాయం పెట్టి ఉంటుంది. కొన్ని అమరికల్లో సర్వర్ అభ్యంతరం చెప్పి ఆపుతుంది. మరికొన్నింటిలో ప్రతి అక్షరం బదులు ఒక ప్రశ్నార్థకం రాసుకుని ఊరుకుంటుంది. అప్పుడు ఆ పేరు పోయినట్టే, ఏ మంత్రమూ దానిని వెనక్కు తేలేదు. అయితే ఒక్కోసారి లోపల పేరు క్షేమంగానే ఉండి, చూపించడంలో మాత్రమే తేడా వస్తుంది. ఏది జరిగిందో తెలుసుకోవడానికి ‘హెక్స్’ అనే ఫంక్షన్ ఉంది. జవాబులో ‘3ఎఫ్’ అన్నదే పదేపదే వస్తే నిజంగానే ప్రశ్నార్థకాలు నిల్వ అయ్యాయి. ‘ఇ0 బి0’, ‘ఇ0 బి1’ అన్న జతలు కనిపిస్తే తెలుగు అక్షరాలు భద్రం. 8.0 వెర్షన్ నుండి ‘యూటీఎఫ్8 ఎంబీ4’ అనే సముదాయమే ముందుగా అమర్చి వస్తోంది. పాత సర్వర్లలో దానిని మనమే పెట్టుకోవాలి.

ఫోన్ నంబరుదీ ఇదే కథ. అంకెలే కదా అని ఆ కాలమ్‌ను ‘ఇంట్’ రకంగా పెడతారు. ఆ రకం పట్టగల గరిష్ఠ సంఖ్య 2147483647. మన పది అంకెల సెల్ నంబర్లు దానికంటే పెద్దవి. కఠిన నియమం తీసివేసిన సర్వర్‌లో వీధిలోని వారందరికీ ఆ ఒక్క నంబరే నమోదై కూర్చుంటుంది. కూడికలూ తీసివేతలూ చేయని దేనినైనా అక్షరాల రకంగానే ఉంచడం మేలు.

ఇప్పుడు రేషన్ జాబితాకు వద్దాం. మహల్లాలో 120 కుటుంబాలు ఉన్నాయనుకుందాం. ‘కుటుంబాలు’ అని ఒక టేబుల్, ‘పంపిణీ’ అని మరొక టేబుల్. పేరు నమ్మదగినది కాదని ముందే చూశాము గనుక ప్రతి కుటుంబానికీ ఒక సంఖ్య ఇస్తాము. ఇదే ప్రైమరీ కీ. ఇల్లు మారినా, పేరు రాసే తీరు మారినా ఆ సంఖ్య మారదు. సామాను ఇచ్చిన ప్రతిసారీ పంపిణీ టేబుల్‌లో పేరుకు బదులు ఆ సంఖ్యనే రాస్తాము.

కమిటీ అడుగుతుంది: “ప్రతి కుటుంబానికీ ఎన్నిసార్లు అందిందో చెప్పు.” కొత్తగా నేర్చుకున్నవారు రెండు టేబుళ్ళనూ మామూలు ‘జాయిన్’తో కలుపుతారు. జవాబులో 97 కుటుంబాలు వస్తాయి. ప్రతి పేరూ సరైనదే, ప్రతి లెక్కా సరైనదే. మిగిలిన 23 ఏమయ్యాయి? మామూలు జాయిన్ రెండు వైపులా జత దొరికిన వరుసలనే చూపిస్తుంది. ఒక్కసారి కూడా సామాను అందని కుటుంబానికి పంపిణీ టేబుల్‌లో జత లేదు. కాబట్టి అది జాబితా నుండే అదృశ్యమైంది. ఎవరిని వెతకడానికి ఈ లెక్క మొదలుపెట్టామో సరిగ్గా వారే తప్పిపోయారు. ఎక్కడా ఎర్ర అక్షరం లేదు, హెచ్చరిక లేదు. ‘లెఫ్ట్ జాయిన్’ వాడితే ఎడమవైపు టేబుల్‌లోని 120 కుటుంబాలూ నిలుస్తాయి. జత లేనిచోట ‘నల్’ వస్తుంది.

ఈ నల్ సున్నా కాదు, ఖాళీ అక్షరమూ కాదు. ‘తెలియదు’ అని దాని భావం. తెలియని ఒక వయస్సు, తెలియని మరొక వయస్సు సమానమా అని అడిగితే ఎవరు మాత్రం అవునని చెప్పగలరు? అందుకే నల్‌ను సమాన గుర్తుతో వెతికితే ఒక్క వరుసా దొరకదు. ‘ఈజ్ నల్’ అని అడగాలి.

ఇంతకంటే లోతైన గుంట ఒకటుంది. “పంపిణీ టేబుల్‌లో సంఖ్య లేని కుటుంబాలను చూపించు” అని ‘నాట్ ఇన్’తో అడిగారనుకోండి. పొరుగింటివారి తరఫున ఎవరో సామాను పట్టుకెళ్ళగా, హడావుడిలో ఒక్క వరుసలో కుటుంబ సంఖ్య నింపకుండా వదిలేశారు. ఆ ఒక్క నల్ చాలు. ఏ కుటుంబం గురించి అడిగినా, “ఆ తెలియని సంఖ్య వీరిదే కావచ్చు కదా” అన్నట్టు డేటాబేస్ నిర్ధారించలేకపోతుంది. జవాబు: సున్నా వరుసలు. చూసేవారికి అందరికీ అందిపోయినట్టే తోస్తుంది. సంతోషంగా లెక్క ముగించి, మిగిలిన సామాను గోదాములో పెట్టేస్తారు. ఇరవై మూడు ఇళ్ళ తలుపులు ఎవరూ తట్టరు.

దీనికి మందు ప్రశ్నలో కంటే టేబుల్ తయారీలోనే ఉంది. పంపిణీలోని కుటుంబ సంఖ్యకు ‘నాట్ నల్’ నియమం పెడితే సంఖ్య లేని వరుసను సర్వర్ స్వీకరించదు. ‘ఫారిన్ కీ’ పెడితే కుటుంబాల టేబుల్‌లో లేని సంఖ్యను రాయనివ్వదు, 1452 అని తిప్పికొడుతుంది. కొత్తవారికి ఈ నియమాలు చీకాకు పుట్టిస్తాయి. తీసేస్తే పని సాఫీగా సాగుతుందని సలహా ఇచ్చేవారూ ఉంటారు. ఆ సలహా వినవద్దు. ఇక ఏ జవాబు వచ్చినా వరుసలు లెక్కపెట్టే అలవాటు చేసుకోవాలి. అందినవారు 97, అందనివారు సున్నా అయితే మొత్తం 120 ఎలా అవుతుంది?

తొలగించే పని విషయంలో మరికాస్త జాగ్రత్త. ‘డిలీట్’ వాక్యంలో ‘వేర్’ షరతు మరచిపోతే టేబుల్ మొత్తం ఖాళీ అవుతుంది. ముందుగా అదే షరతుతో ‘సెలెక్ట్’ చేసి, ఏ వరుసలు వస్తున్నాయో కళ్ళారా చూడాలి. ‘స్టార్ట్ ట్రాన్సాక్షన్’ అని మొదలుపెడితే, ‘కమిట్’ అనేంతవరకు ‘రోల్‌బ్యాక్’తో వెనక్కు రావచ్చు. షరతు లేని తొలగింపును అడ్డుకునే ‘సేఫ్ అప్‌డేట్స్’ అనే సదుపాయం కూడా మైఎస్‌క్యూఎల్‌లో ఉంది. దాని తయారీదారులు సరదాగా దానికి ‘నేనొక మొద్దును’ అనే అర్థం వచ్చే మరో పేరు కూడా పెట్టారు. అనుభవజ్ఞులు కూడా దానిని వాడుకుంటారు.

జాబితాలో ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో రాసి ఉంటుంది. కనుక కమిటీలో అందరికీ ‘రూట్’ పాస్‌వర్డ్ పంచవలసిన పని లేదు. చూడవలసినవారికి చూసే హక్కు మాత్రమే ఇచ్చి వేరే ఖాతా తెరవవచ్చు. ‘గ్రాంట్ సెలెక్ట్’ అన్న ఒక్క వాక్యంతో, అవసరమైన టేబుల్‌కే పరిమితం చేసి ఇవ్వవచ్చు. వారానికొకసారి ‘మైఎస్‌క్యూఎల్‌డంప్’తో నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో దాచాలి. ఆ నకలును ఎప్పుడైనా మరో కంప్యూటర్‌లోకి ఎక్కించి, కుటుంబాల టేబుల్‌లో 120 వరుసలు వచ్చాయో లేదో, పేర్లు తెలుగులోనే కనిపిస్తున్నాయో లేదో చూడాలి.