ఇంటి విద్యుత్తు: ఎర్త్ తీగ చేసే పని, ఎం.సి.బి. చేయని పని

గత భాగంలో ఓమ్ నియమాన్ని చదివారు. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే విద్యుత్ ప్రవాహం వస్తుందని తెలుసుకున్నారు. ఆ ఒక్క సూత్రంతో, మన ఇళ్లలో తరచుగా జరిగే ఒక ప్రమాదాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. లెక్కలు చిన్నవే.

ఎండాకాలం మొదలైంది. మూలన ఉన్న ఇనుప కూలరును కిటికీ దగ్గరికి జరిపి, గడ్డి మార్చి, నీళ్లు నింపి స్విచ్ వేశారు. సాయంత్రం మళ్లీ నీళ్లు పోస్తుండగా చెయ్యి తగిలితే జిల్లుమంది. "కొంచెం షాక్ కొడుతుంది, చెప్పులేసుకుని ముట్టుకో" అని ఇంట్లో ఎవరో అంటారు. ఈ మాట మీరూ విని ఉంటారు. ఆ 'కొంచెం' ఎంతో లెక్క వేద్దాం.

కూలరు లోపల నీటి పంపు, ఫ్యాను మోటారు ఉంటాయి. వాటికి వెళ్లే ఫేజ్ తీగ తొడుగు ఎక్కడో అరిగి, లోపలి రాగి ఇనుప రేకుకు తగిలిందనుకోండి. అప్పుడు కూలరు ఒళ్లంతా ఫేజ్ తీగే అవుతుంది. మన ఇళ్లకు వచ్చే వోల్టేజి 230. తడి కాళ్లతో నేల మీద నిలబడి దాన్ని పట్టుకున్న మనిషి శరీర నిరోధాన్ని సుమారు 1,000 ఓములుగా తీసుకుందాం. 230ని 1,000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీఆంపియర్లు. పొడి చెప్పులు వేసుకుంటే దారిలో నిరోధం పెరిగి ప్రవాహం ఒకటి రెండు మిల్లీఆంపియర్లకు పడిపోవచ్చు. జిల్లుమనడం అప్పుడే. అంటే కూలరులో ఉన్న విద్యుత్తు 'కొంచెం' కాదు, ఆ పూట మీ చెప్పులు పొడిగా ఉన్నాయంతే. సుమారు 10 మిల్లీఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదలడం కష్టమవుతుంది. 30 దాటి కొన్ని సెకన్లు ప్రవహిస్తే ఊపిరికీ గుండె లయకూ ప్రమాదం.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. "మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది, ఏదైనా అయితే అదే పడిపోతుంది" అనుకుంటారు. ఎం.సి.బి.కి అప్పగించిన పని వేరు. తీగలో మోయలేనంత విద్యుత్తు పారి, తీగ కాలిపోకుండా చూడటం దాని పని. 200 వాట్ల కూలరు మామూలుగా నడుస్తూనే సుమారు 0.9 ఆంపియర్లు తీసుకుంటుంది. మనిషి గుండా పోయేది అందులో నాలుగో వంతు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది ఇంకో బల్బు వెలిగినట్టే. మనిషి ప్రాణం పోయేంత ప్రవాహం దాని దృష్టిలో లెక్కలోకి రాదు.

ఎర్త్ తీగ ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. కూలరు రేకును ఎర్త్ తీగ ద్వారా నేలలో పాతిన గొట్టానికి కలుపుతారు. ఆ గొట్టానికీ నేలకూ మధ్య నిరోధం 2 ఓములే ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ వైపు నిరోధాన్ని వదిలేసి లెక్కిస్తే, 115 ఆంపియర్లు పారతాయి. ఇంత ప్రవాహానికి ఎం.సి.బి. వెంటనే పడిపోయే అవకాశం ఎక్కువ. అదే ఎర్త్ నిరోధం 20 ఓములైతే? ప్రవాహం 11.5 ఆంపియర్లే. ఎం.సి.బి. పడదు. కూలరు ఒంటి మీద దాదాపు పూర్తి వోల్టేజి అలాగే నిలబడి ఉంటుంది. పేరుకు ఎర్త్ ఉంది, ఫలితం లేదు. 'ఎర్త్ ఉందా?' అనే ప్రశ్న కంటే 'ఎంత బాగుంది?' అనే ప్రశ్న ముఖ్యమని గుర్తించండి.

ఎర్త్ గుంత పెరట్లో సాధారణంగా మీటరు బోర్డుకు దగ్గరలో ఉంటుంది. రెండున్నర మీటర్ల పొడవు జి.ఐ. గొట్టాన్ని నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి పూడుస్తారు. ఉప్పు, బొగ్గు మట్టిలో తేమను నిలుపుతాయి. తేమ ఉంటేనే మట్టి విద్యుత్తును బాగా పోనిస్తుంది. అందుకే రాతి నేలల్లో మంచి ఎర్త్ దొరకడం కష్టం, డెల్టా ప్రాంతపు తడి నేలల్లో సులువు. కూలర్లు నడిచే ఎండాకాలంలోనే నేల ఎండిపోయి ఎర్త్ బలహీనపడుతుంది. వారానికి ఒకటి రెండు బిందెల నీళ్లు ఆ గుంతలో పోయడం మీరే చేయగలిగిన పని. గుంతలోకి దిగే తీగను ఊరికే కంటితో చూడండి. తుప్పు పట్టి తెగి ఉన్నా, నట్టు దగ్గర వదులైనా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, దాన్ని చేత్తో కదపకండి. ఇల్లు కట్టినప్పుడు వేసిన గుంతను ఇరవై ఏళ్లయినా మళ్లీ చూడని వాళ్లే ఎక్కువ. ఉప్పు వానలకు కరిగిపోతుంది, గొట్టం కూడా క్రమంగా తుప్పు పట్టి సన్నబడుతుంది.

గుంత బాగున్నా, ప్లగ్గు దగ్గర ఎర్త్ తెగిపోతే ప్రయోజనం లేదు. మూడు పిన్నుల ప్లగ్గును చేతిలోకి తీసుకుని చూడండి. పై పిన్ను మిగతా రెంటి కంటే పొడవు, లావు. ముందుగా ఎర్త్ తగిలి, తీసేటప్పుడు చివరగా విడిపోవాలని పొడవు. పొరపాటున ఫేజ్ రంధ్రంలో దూరకూడదని లావు. ఆ పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె, వాషింగ్ మెషీన్, కూలరు వంటి వాటికి ఆ పని చేయకూడదు. ప్లగ్గు మార్చడం ఇంట్లోనే చేసుకోవచ్చు, అయితే అది సాకెట్ నుంచి బయట ఉన్నప్పుడే. పరికరాల తీగలో గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్, పసుపు చారల ఆకుపచ్చ ఎర్త్. గోడలోని వైరింగులో మాత్రం నలుపు న్యూట్రల్, ఎరుపు, పసుపు, నీలం ఫేజ్‌లు కావచ్చు. పరికరం తీగలో నీలం చూసిన అలవాటుతో గోడలోని నీలాన్ని న్యూట్రల్ అనుకోవడం ప్రమాదకరం. బోర్డు విప్పడం మీ పని కాదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఎం.సి.బి. చేయని పనిని చేసేది ఆర్.సి.సి.బి. ఫేజ్ తీగ, న్యూట్రల్ తీగ రెండూ దాని లోపలి ఒకే వలయం గుండా పోతాయి. వెళ్లిన విద్యుత్తు అంతా తిరిగి వస్తే దానికి పనిలేదు. కొంత మనిషి గుండా నేలలోకి పోతే వచ్చేది తగ్గుతుంది. ఆ తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే, సెకనులో చిన్న భాగంలో అది సరఫరాను తెంచుతుంది. ఇళ్లకు 30 మిల్లీఆంపియర్ల రకమే తీసుకోవాలి. అయితే ఎక్కువ లోడును అది ఆపదు కాబట్టి ఎం.సి.బి. కూడా ఉండాల్సిందే. ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్నవాడిని కూడా అది గుర్తించలేదు. ఊరికే పడిపోతోందని విసుగుతో దాన్ని బైపాస్ చేయించే వాళ్లున్నారు. పాత ఇళ్లలో న్యూట్రళ్లు కలిసిపోయి ఉండటం అలా పడటానికి ఒక కారణం. వెతికించాల్సింది ఆ లోపాన్ని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఎర్త్ నిరోధం 40 ఓములున్న ఇంట్లో ఫేజ్ తీగ కూలరు రేకుకు తగిలింది. 16 ఆంపియర్ల ఎం.సి.బి., 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి., రెండింటిలో ఏది పడుతుంది? (జవాబు: ప్రవాహం 5.75 ఆంపియర్లు. కాబట్టి ఆర్.సి.సి.బి. మాత్రమే.)

చివరగా, ఈ రెండూ కాపాడలేని చోటు ఒకటుంది. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు మీ బోర్డు కంటే ముందే ఉంటుంది. ఎండకూ వానకూ దాని తొడుగు పగిలి, ఇనుప స్తంభానికో రేకుల కప్పుకో రాసుకుంటే, ఆ స్తంభానికి కట్టిన ఇనుప తీగ దండెంలోకి విద్యుత్తు పాకుతుంది. బోర్డులోని ఏ పరికరానికీ ఆ సంగతి తెలియదు, మెయిన్ స్విచ్ కట్టేసినా ఆగదు. వానాకాలంలో తడి బట్టలు ఆరేస్తూ ఒకరు, వాళ్లను లాగబోయి ఇంకొకరు చనిపోయిన వార్తలు మీరు చదివే ఉంటారు. దండెం నైలాన్ తాడుతో కట్టుకోవాలి. వైరు తొడుగు పోయినట్టు కనిపిస్తే 1912కు ఫోన్ చేసి విద్యుత్ శాఖకు చెప్పాలి. ఎవరైనా తీగకు అతుక్కుపోతే చేత్తో ముట్టుకోకుండా, పొడి నేల మీదో ప్లాస్టిక్ కుర్చీ మీదో నిలబడి పొడి కర్రతో విడదీసి, 108కి ఫోన్ చేయాలి.

ఈ వారం చేయవలసిన పని: మీ బోర్డులో ఆర్.సి.సి.బి. ఉంటే, దాని మీద 'టి' అని రాసిన మీటను నొక్కండి. మీట కింద పడి ఇల్లంతా చీకటైతే అది పనిచేస్తున్నట్టే, మళ్లీ పైకి లేపండి. పడకపోతే మార్పించాలి. నెలకోసారి ఇలా చూడండి. పెరట్లో దండెం దేనితో కట్టారో, రెండో కొన దేనికి కట్టారో నోటుపుస్తకంలో రాసుకుని సంపర్క తరగతికి తీసుకురండి.