తాకకనే వేడిని తెలిపే రేణువులు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో ట్రాక్టర్లు వచ్చాక కొలుములు తగ్గాయి. అయినా కొలిమి ముందు కూర్చున్న కమ్మరికి నేటికీ ఉష్ణమాపకం అక్కరలేదు. నిప్పులలో కాగే కర్రు ముదురు ఎరుపు నుండి నారింజ వన్నెకు తిరగగానే దానిని పట్టుకారుతో తీసి సమ్మెటతో సాగగొడతాడు. తాకకుండా వేడిని గుర్తించే విద్య మనకు కొత్తది కాదన్నమాట. 2020లో కరోనా వ్యాపించినప్పుడు నుదుటికి ఎదురుగా పట్టిన పరికరం చేసినదీ ఇటువంటి పనే. అది చర్మం నుండి వెలువడే పరారుణ కిరణాలను గ్రహిస్తుంది. అయితే కమ్మరి కంటికి గాని, ఆ పరికరానికి గాని అందేది పైభాగపు వేడి మాత్రమే. మండుటెండలో నడచి వచ్చినవాని నుదురు జ్వరం లేకున్నా వేడిగానే తోస్తుంది.

లోపలి వేడి తెలియడం ఒక్కొక్కప్పుడు ప్రాణావసరం. క్యాన్సర్ గడ్డలోనికి ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులను పంపి, వేగంగా దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని వెలుపలి నుండి ప్రయోగిస్తే అవి వేడెక్కి గడ్డను దెబ్బతీస్తాయి. ఈ చికిత్సలో వేడి సుమారు 42 నుండి 46 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ లొంగదు. మించితే ప్రక్కనున్న మంచి కణజాలం కాలిపోతుంది. సన్నని ఉష్ణమాపకాన్ని లోపలికి గుచ్చితే అది తానున్న చోటి వేడినే చెబుతుంది. కాబట్టి ఆ రేణువులే తమ వేడిని తెలుపగలవా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు.

వేడికీ అయస్కాంతత్వానికీ పొసగదు. కొలిమిలోని ఇనుము సుమారు 770 డిగ్రీలు దాటితే అయస్కాంతానికి అంటుకోదు. కొన్ని పదార్థాలలో వేడి పెరిగినకొద్దీ అయస్కాంత గుణం ఎలా తగ్గుతుందో పియరీ క్యూరీ 1895లోనే నిరూపించాడు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. ఇరవై నానోమీటర్లకు అటూఇటూ ఉన్న ఒక్కొక్క రేణువు ఒక చిన్న దిక్సూచి వంటిది. అయస్కాంత క్షేత్రం వాటిని వరుసలో నిలుపజూస్తుంది. వేడి వాటిని చెదరగొడుతుంది. ఏప్రిల్ ఎండలో ప్రార్థనకు నిలిచిన పిల్లలను చూసిన ఉపాధ్యాయులకు ఈ సంగతి వివరించనక్కరలేదు!

తంబుర తీగను మీటితే మూలస్వరంతో పాటు పైస్వరాలు కూడా పలుకుతాయి. అదే విధంగా అటూఇటూ ఊగే క్షేత్రానికి ఈ రేణువులు దాని పౌనఃపున్యంతో పాటు మూడు రెట్ల, ఐదు రెట్ల పౌనఃపున్యాలలోనూ బదులిస్తాయి. వేడి మారితే ఆ రెండింటి బలాల నిష్పత్తి మారుతుంది. రేణువులు ఎన్ని ఉన్నా నిష్పత్తి ఒక్కటే కావడం ఇందులోని గొప్ప సౌలభ్యం; ఎందుకంటే గడ్డలో ఎక్కడ ఎన్ని చేరాయో లెక్కించడం అసాధ్యం. అమెరికాలోని డార్ట్‌మత్‌కు చెందిన జాన్ వీవర్ బృందం 2009లో ఈ పద్ధతిని ప్రకటించింది. 20 నుండి 50 డిగ్రీల మధ్య వారికి వచ్చిన తేడా సగటున సుమారు 0.3 డిగ్రీలు.

అది ప్రయోగశాలలోని కొలత. శరీరంలో రేణువులు గుమిగూడతాయి, కణజాలానికి అంటుకుంటాయి, అందువలన కూడా నిష్పత్తి మారుతుంది. ఆ మార్పులో వేడి పాలు ఎంతో, అంటుకోవడం పాలు ఎంతో వేరుచేయడానికి పలు పౌనఃపున్యాలతో కొలిచి పోల్చిచూస్తున్నారు.