చూడని జంతువుల చిత్రణము

తాము మెచ్చిన నవలలోని డ్రాగనులను కాగితముపై దింపుట నేటి బాలబాలికలకు ప్రియమైన వినోదము. 2000 సంవత్సరమున వెలువడిన హారీ పాటర్ నాల్గవ నవలయందు నాలుగు జాతుల డ్రాగనులు కలవు. ఒకదానికి ముక్కు పొట్టి. మరియొకదానికి తోకనిండ ముండ్లు. రచయిత్రి రౌలింగు చెప్పినది కొన్ని మాటలే. తక్కిన రూపమంతయు చిత్రించువారే కల్పించుకొనవలెను. ఎవరును కంట చూడని జంతువును నమ్మదగునట్లు గీయుట యెట్లు? దీనికి సమాధానము మన సీమలోనే దొరకును.

హిందూపురమునకు సమీపముననున్న లేపాక్షిలో వీరభద్రాలయమును 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలమున, విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిరి. ఆ స్తంభములపై యాళులు కలవు. యాళికే వ్యాలమని మరియొక పేరు. దేహము సింహమునకు చెందినది. తల మారినకొలది జాతి మారును. ఏనుగు తలయైన గజవ్యాలము, గుఱ్ఱపు తలయైన అశ్వవ్యాలము. మకరమును చూడుడు: తొండము ఏనుగుది, దవడ మొసలిది, తోక చేపది. అవయవములన్నియు మన మెఱిగినవే. కల్పన యంతయు వాని కూర్పులో నున్నది. అందుచేతనే చూచువారు శంకింపరు.

అచ్యుతరాయల నాణెములపై గండభేరుండము కలదు. రెండు తలల ఆ పక్షి ముక్కులతోను గోళ్లతోను ఏనుగులను పట్టుకొని యుండును. పక్షిబలము నెన్ని గీతలతో చెప్పినను చాలదు. ఏనుగును ప్రక్కన చేర్చిన క్షణముననే తెలిసిపోవును. తెలియనిదానిని తెలిసినదానితో కొలిచి చూపుట రెండవ సూత్రము.

మూడవ సూత్రమును ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు నేర్పుదురు. మేకతోలును వెలుతురు దూరునంతగా శుభ్రపఱచి, ఆకారము గీసి, ఉలులతో రంధ్రములు చేసి, రంగు లద్దుదురు. దీపము ముందు తెరపై బొమ్మ కదలునప్పుడు జటాయువును గాని, పదితలల రావణుని గాని దూరమునుండియే గుర్తుపట్టవలెను. కనుక బయటిగీత స్పష్టముగా నుండవలెను. నగిషీ తరువాతి మాట. ఆ గ్రామపు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది.

అయినను ఆట లాడించువారు తగ్గిరి. దీపపు గుడ్డలు, గోడ అలంకారములు చేసి జీవించువారే యెక్కువైరి. బొమ్మ మిగిలినను కథ జారిపోయిన, జటాయువు అందమైన పక్షిగానే మిగులును. రావణునితో పోరి రెక్కలు కోల్పోయిన వృద్ధుడుగా నుండడు. ఈ ప్రమాదము డ్రాగనుకును కలదు. ఇతరులు గీసిన బొమ్మను చూచి గీసినవానికి ముండ్లతోక దొరకును గాని, గుడ్లను కాచుకొను తల్లి కోపము దొరకదు.

కావున చిత్రింపదలచిన పిల్లలు మొదట గ్రంథమును మరల చదువవలెను. రచయిత చెప్పిన గుర్తులను వరుసగా వ్రాసికొనవలెను. చెప్పని భాగములకు ప్రకృతి నాశ్రయింపవలెను. పెనుకొండ బండలపై తల యెత్తి యెండ కాగు తొండను చూచినచో మెడ తెలియును; గబ్బిలమును చూచినచో రెక్కల మడత తెలియును; కోడికాలిని చూచినచో గోటిపట్టు తెలియును. తరువాత ఆ మృగము ఆ ఘట్టమున ఏమి కోరుచున్నదో తలచుకొని గీయవలెను. అట్లు గీసిన చిత్రము నకలు కాదు; కథను చదివిన వాని సాక్ష్యము.