చిన్ననాటి కష్టము – పెద్దనాటి విపత్తు

ఒకే తుపానున ఇద్దరి యిండ్లు కూలినవనుకొందము. ఒకడు కొన్ని నెలలకు కోలుకొని తన పని తాను చూచుకొనును. వేరొకడు ఏండ్లు గడచినను గాలి వీచినంతనే ఉలికిపడుచు, నిద్రపట్టక, బ్రదుకునం దాస గోల్పోవును. లోకులు రెండవవానిని పిరికివాడని నిందింతురు. ఆ నింద న్యాయమైనదేనా?

అమెరికాలో 34,653 మంది పెద్దల వివరములను పరిశీలించి 2010లో ప్రకటింపబడిన యొక పరిశోధన దీనికి కొంత సమాధానము నిచ్చినది. బాల్యమున దెబ్బలు, నిరాదరణము, గృహకలహము మొదలగువాని ననుభవించినవారికి, పెద్దయైన పిదప విపత్తులు తటస్థించినప్పుడు దిగులు, భయము మున్నగు మనోవ్యాధులు కలుగు నపాయము, అట్టి బాల్యము లేనివారికంటె అధికముగా పెరుగునని తేలినది.

కారణమేమి? భయము కలిగినపుడు మూత్రపిండములపై నుండు గ్రంథులు కార్టిసాల్ అను రసమును రక్తములోనికి విడుచును. అపాయము తొలగినపిదప అది తగ్గవలెను. భయము నిత్యమైన యింట పెరుగు శిశువునకు ఈ యేర్పాటు క్రమము తప్పవచ్చును. మెదడులో భయమును గుర్తించు భాగము ఎల్లవేళల కాపలా కాచుట కలవాటుపడును. ఆ జాగరూకతయే నాడు శిశువును కాపాడినది. పెద్దనాడు అదియే భారమగును. దానికి పిరికితనమని పేరు పెట్టుట తగదు.

అట్లని బాల్యము నుదుటివ్రాత వంటిదని తలపరాదు. హవాయి దీవులలోని కవాయి దీవియందు 1955లో జన్మించిన 698 మంది శిశువులను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ మొదలగు విద్వాంసులు నలుబదియేండ్ల ప్రాయమువరకు గమనించిరి. వారిలో సుమారు మూడవవంతు మంది దారిద్ర్యము, గృహకలహము, తల్లిదండ్రుల త్రాగుడు వంటి పెక్కు కష్టముల నడుమ పెరిగిరి. అట్టివారిలో మూడింట రెండు వంతుల మంది చిక్కులపాలయిరి. తక్కిన 72 మంది సమర్థులై, దయాళువులై వర్ధిల్లిరి. 1992లో ఇనికీ యను పెనుతుపాను ఆ దీవిని ధ్వంసము చేసినను, నలుబదవయేట వీరిలో నిరుద్యోగి యొక్కడును లేడు.

వీరికి ఆధారమేది? తాతయో, అమ్మమ్మయో, పొరుగువారో, ఉపాధ్యాయుడో, ఎవరో యొక్కరు వీరిని విడువక ఆదరించిరి. చిక్కులపాలయినవారిలోను పెక్కుమంది పెద్దయైన పిదప విద్యవలనను, మంచి సహవాసమువలనను కోలుకొనిరి.

విద్యార్థులారా! మీ ప్రక్కను కూర్చుండు బాలుడు చిన్నమాటకే బెదరినచో, ఊరక కోపించినచో, నవ్వకుడు. అతని యింటి సంగతి మీరెరుగరు. నేడు మీరు చూపు స్నేహము, ముప్పదియేండ్లకు రాబోవు వరదకు ముందుగా కట్టిన గట్టు కావచ్చును. అట్టి భారము మీకే యున్నచో, నమ్మదగిన పెద్దవారితో చెప్పుకొనుడు. అది సిగ్గుపడదగిన పని కాదు.