ఊరు మునిగింది... ముద్ర మిగిలింది!

రెవెన్యూ రికార్డుల్లో ఓ మాట ఉంది... 'బేచిరాగ్'. దీపం పెట్టే దిక్కులేని గ్రామమని అర్థం. పేరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, మనుషులే ఉండరు. వలసలతో ఖాళీ అయినవి కొన్నైతే, జలాశయాల అడుగుకు చేరినవి మరికొన్ని. అలాంటి ఊళ్ల ఆనవాళ్లు వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? అటక మీది ట్రంకుపెట్టెలో... తాతయ్య దాచుకున్న పోస్టుకార్డుల కట్టలో!

పాత కార్డును తిరగేసి చూడండి. గుండ్రటి నల్లముద్రలు కనిపిస్తాయి. ఉత్తరం బయల్దేరిన పోస్టాఫీసు పేరు, తేదీ ఒకదాంట్లో; చేరిన చోటు మరోదాంట్లో. ఆ రోజుకి ఆ ఊరు ఉందనడానికి అంతకన్నా సాక్ష్యమేం కావాలి!

పల్లెలో పోస్టాఫీసంటే పెద్ద భవనమేం కాదు. బడిపంతులుగారి వసారానో, కిరాణాకొట్టు మూలో. ఓ తూకం, ఓ ముద్ర, ఓ సంచి... అంతే. మనియార్డరొచ్చినా, మిలట్రీలో ఉన్న కొడుకు క్షేమం తెలిసినా అక్కడే.

చిరునామాలోనూ చరిత్ర ఉంది. పిన్ కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. నాగార్జునసాగర్ నుంచి కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. అంటే సాగర్‌లో మునిగిన పల్లెలకు పిన్ కోడే తెలియదు! శ్రీశైలం ముంపు గ్రామాలు ఖాళీ అయింది 1981లో. వాటికి ఆ ఆరంకెల ముచ్చట తొమ్మిదేళ్లే.

ఇంకో విశేషం... కర్నూలు దగ్గర తుంగభద్రకు ఒక ఒడ్డు బ్రిటిష్ ఇండియా, రెండో ఒడ్డు నిజాం రాజ్యం. అలంపురం వైపు నిజాం తపాలా ఉండేది. సొంత స్టాంపులు, సొంత ముద్రలు! 1950లోగానీ అది భారత తపాలాలో కలవలేదు. ఏరు దాటితే స్టాంపు మారిపోయేదన్నమాట.

ఉత్తరాలు లేనివాళ్లకూ దారులున్నాయి. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల్లో ఊరి పక్కన 'పీవో' అని ఉంటే అక్కడ పోస్టాఫీసు ఉన్నట్టు. 1971 జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో ఏ ఊళ్లో తపాలా సౌకర్యం ఉందో రాసి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మునిగిన ఊరు కాగితం మీద మళ్లీ లేస్తుంది.

ఇదంతా కాలక్షేపమేనా? కాదు. శ్రీశైలం నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిచ్చేందుకు 1986లో 98వ జీవో వచ్చింది. మాది ఫలానా ఊరని చెప్పుకోవాల్సిన అవసరం అలాంటప్పుడే పడుతుంది. చూపించడానికి ఊరు ఉండదు. కాగితాలే దిక్కు!

కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. సప్తనదీ సంగమంలోని సంగమేశ్వరుడు నీళ్లు తగ్గినప్పుడల్లా దర్శనమిస్తున్నాడు. పోస్టాఫీసులకు ఆ అదృష్టం లేదు. వాటిని గుర్తుంచుకునేది ఆ కార్డులే.

కాబట్టి పాత ఉత్తరాలను చిత్తుకాగితాల వాడికి వేసేముందు ఒక్కసారి ముద్ర చదవండి. రెండు వైపులా ఫొటో తీసి, ఎవరు ఎవరికి రాశారో ఇంట్లో పెద్దవాళ్లనడిగి రాసిపెట్టండి. వాళ్లున్నప్పుడే సుమా! ముద్ర ఊరి పేరే చెబుతుంది... ఊరి సంగతులు చెప్పాల్సింది వాళ్లే.