కాళేశ్వరం బస్సులో విన్నవి

జనగామ నుంచి వచ్చినా మానుకోట నుంచి వచ్చినా హన్మకొండలో బస్సు మారి పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ దాటాలి. ఆ దారిలో కాళేశ్వరం స్థలపురాణం టికెట్ లేకుండానే వినిపిస్తుంది. అందులో కొంత కలగాపులగం.

"పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఇదొకటి."

కాదు. ఆ పన్నెండులో తెలుగు నేలకు దక్కింది శ్రీశైలం ఒక్కటే. కాళేశ్వరం గొప్పతనం వేరు. గర్భగుడిలోకి తొంగి చూడండి, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడు, అంటే యముడి పేరిట కాళేశ్వరుడు. రెండోది ముక్తేశ్వరుడు. వచ్చినవాళ్లందరికీ ముక్తేశ్వరుడు మోక్షమిచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందట. ఆయన మొర విని శివుడు పక్కనే చోటిచ్చి, ముందు నిన్ను కొలిచాకే నన్ను కొలవాలన్నాడట. అందుకే తొలిపూజ కాళేశ్వరుడిది. ముక్తేశ్వర లింగానికి ముక్కు రంధ్రాల్లాంటివి ఉంటాయి. వాటిలో పోసిన నీళ్లు లోలోపలే సంగమం చేరతాయని నమ్మిక.

"మూడు నదులు కలుస్తాయి."

కంటికి కనిపించేవి గోదావరి, ప్రాణహిత. సరస్వతి అంతర్వాహిని అన్నది విశ్వాసం, దాన్ని పటంలో వెతకొద్దు. ప్రాణహితను చిన్న ఏరనుకోవడం ఇంకో పొరపాటు. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయి, విదర్భ నీళ్లు మోసుకుని సిరొంచ పక్కగా వస్తుంది. వానాకాలంలో ఒడ్డున నిలబడితే ఏది దేనిలో కలుస్తోందో తేల్చుకోలేం. గురుడు మిథునంలో చేరిన 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలు జరిగాయి. కనిపించని నదికి మెట్లు కట్టించింది ఆ విశ్వాసమే!

"అంతా వ్యాసుడు రాసిందే, అక్షరం మారలేదు."

ఈ స్థలపురాణం స్కాందపురాణంలోదని చెబుతారు. ఆ పురాణం మన ఇంటి అటక లాంటిది. కాలక్రమంలో ఎన్నో క్షేత్రాలు తమ మాహాత్మ్యాలు తెచ్చి అందులో పెట్టాయి. నేపాల్‌లో దొరికిన, సుమారు 810 నాటి తాళపత్ర ప్రతిలో ఇప్పుడు అచ్చులో చూసే ఖండాల విభజనే లేదు. అంతమాత్రాన స్థలపురాణం పనికిరానిదైపోదు. కాశ్మీరాన్నే చూడండి. లోయ ఒకప్పుడు సరస్సనీ, ఏ ఊట ఏ నాగుడిదో, ఏ నెలలో ఏ పండుగో చెప్పింది నీలమత పురాణం. 12వ శతాబ్దంలో కల్హణుడు రాజతరంగిణికి దాన్నీ ఆధారం చేసుకున్నాడు.

"త్రిలింగమే తెలుగు అయింది."

కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థాన కవి విద్యానాథుడు శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామాలతో త్రిలింగ దేశాన్ని చెప్పాడు. ఆ వ్యుత్పత్తిని భాషావేత్తలు చాలామంది ఒప్పుకోరు. తెలుగు, తెనుగు అన్న మాటలే ముందటివని, త్రిలింగం తర్వాత చేసిన సంస్కృతీకరణ అని వాళ్ల వాదం. నాకూ అదే సబబనిపిస్తుంది. కానీ మూడు గుళ్లతో ఒక దేశానికి ఎల్లలు గీసిన ఆ ఊహను మాత్రం కొట్టిపారేయలేను.

ఇక గుడి మెట్ల దగ్గర దిగి "బ్యారేజీ ఏది?" అని అడిగేవాళ్లకు: ఎత్తిపోతల ప్రాజెక్టు ఈ దేవుడి పేరు పెట్టుకుంది గానీ, దాని మేడిగడ్డ బ్యారేజీ ఇక్కడ లేదు. గోదావరి వెంట ఇంకా కిందికి పోవాలి.