తేమ 17 దాటితే ఎరుపు

సీ ప్రోగ్రాం తెరిస్తే రంగులొస్తాయి, మిల్లు ఫైలుకు ఎందుకు రావు సార్? హుజూర్‌నగర్‌లో కంప్యూటర్ క్లాసులో ఒక పిల్లవాడు అడిగిందిది. సాగర్ ఎడమ కాలువ కింది ఊరు, అడుగడుగునా రైసుమిల్లు. వాడి దగ్గరున్నది వడ్ల కాటా చిట్టా: బండి నంబరు, బస్తాలు, బరువు, తేమ. ఫైలు పేరు చివర .కాటా అని ఉంటుంది. ఆ తోక ఎడిటర్ ఎరగనిది, అంతే.

వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఇందుకు చిన్న ఎక్స్‌టెన్షన్ చాలు. .కాటా ఏ భాషో ఒక ఫైల్లో నమోదు చేసి, దాని గ్రామర్ ఇంకో ఫైల్లో రాస్తాం. గ్రామర్ రంగులు వేయదు. ఇది నంబరు, ఇది కామెంట్, ఇది తప్పు అని పేర్లు పెట్టి ఊరుకుంటుంది. రంగు థీమ్ ఇష్టం.

తమాషా అంతా నియమంలోనే. ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో తేమ 17 శాతం మించకూడదు. మించిన అంకె ఎర్రబడాలి. కానీ గ్రామర్‌లో నియమం రాసేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, దానికి లెక్కలు రావు. ఏది పెద్దదో తెలియదు, అక్షరాల వరసే తెలుసు. అందుకని "ఎక్కువ" అన్నదాన్ని ఆకారంగా చెప్పాలి:

17\.[1-9]|(1[89]|[2-9][0-9])(\.[0-9])?

అంటే 17, చుక్క, ఆపై సున్నా కాని అంకె. లేదంటే 18, 19. లేదంటే 20 నుంచి 99 దాకా ఏదైనా, వెనక దశాంశం ఉన్నా లేకున్నా. (చిట్టాలో చుక్క తర్వాత ఒక్క అంకే రాస్తారు కాబట్టి బతికిపోయాం.) ముందు "తేమ" అన్న మాట ఉండాలనే షరతు కూడా తగిలించాలి, లేకపోతే బండి నంబర్లూ ఎర్రబడతాయి.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది కామెంట్ల సంగతి. ఎడిటర్ ఒక్కసారికి ఒక్క లైనే చదువుతుంది. లైను చివర "ఇంకా కామెంట్ లోపలే ఉన్నాను" అన్న స్థితిని కింది లైనుకు అందిస్తుంది. మధ్యలో మీరొక అక్షరం కొడితే ఆ లైను మళ్లీ చదివి, చివరి స్థితి పాతదే అయితే అక్కడే ఆగిపోతుంది. మారితేనే కిందికి దిగుతుంది. వేల లైన్ల ఫైలు నత్తనడక నడవకపోవడం ఇందువల్లే. కామెంట్ మొదలు గుర్తు కొట్టగానే కిందున్నదంతా ఒక్కసారిగా రంగు మారేదీ ఇందువల్లే.

ఈ గ్రామర్ పద్ధతి వీఎస్ కోడ్ సొంతం కాదు, 2004లో అలన్ ఓడ్‌గార్డ్ తెచ్చిన టెక్స్ట్‌మేట్‌ది. అంతకుముందే, 1980ల్లో, ఐబీఎంలో మైక్ కౌలిషా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పనికోసం లెక్స్ అనే ఎడిటర్‌లో రంగులు వేశాడు. తర్వాత మాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ ట్రీ-సిట్టర్ వచ్చింది. అది ఫైలు మొత్తానికీ చెట్టు కట్టి, మారిన కొమ్మనే మళ్లీ కడుతుంది. ప్రోగ్రామింగ్ భాషలకు నా ఓటు దానికే. కాటా చిట్టాకు మాత్రం అంత హంగామా దండగ. అందులో ఉన్నవన్నీ విడివిడి లైన్లే, టెక్స్ట్‌మేట్ నియమాలు చాలు.